పదకొండో నంబరు బల్ల

కాలవ రంగు చూసి
ఆ నెల ఏ దేశం ఏ గుడ్డ అడిగిందో చెప్పేదాన్ని.
చలి మొదలయ్యే ముందు ఎరుపు,
ఎండలకి ముందు ఒక వెర్రి నీలం.
షావోషింగ్‌లో అద్దకం మిల్లు గోడకి ఆనుకుని
నా నూడుల్స్ కొట్టు.
గిన్నెలు కడిగితే గోళ్ళు కూడా
పరాయి దేశాల రంగులోకి తిరిగేవి.

మిల్లు పొగగొట్టం పడగొట్టినప్పుడు
మూడు రోజులు దుమ్ము నా పులుసులో తేలింది.
ఆ చోట ఇరవై ఆరు అంతస్తులు లేచాయి.
పొగ లేదు, లారీ లేదు, నూలుపోగు లేదు.
ఏం తయారుచేస్తారయ్యా ఇక్కడ, అని అడిగాను.
లెక్కలు, అన్నాడు లౌ వెయ్‌గాంగ్, అద్దాలు తుడుచుకుంటూ.
సలహాలు, అంది పక్కనున్నామె.
మాటల మిల్లన్నమాట, అనుకుని
అతని గిన్నెలో ఇంకో గుప్పెడు ఉల్లికాడలు వేశాను.

బెల్లం చూసింది ఒక చీమే.
బారు మాత్రం వీధంత.
ఆడిటరున్న చోటికి వకీలు,
వకీలున్న చోటికి తర్జుమా చేసేవాడు,
వీళ్ళందరికీ అప్పు రాసిచ్చేవాడు.
పన్నెండు కొట్టగానే లిఫ్టు తెరుచుకుని
నా కొట్టులోకి ఒలికిపోయేది.

పదకొండో నంబరు బల్లకి ఒక కాలు పొట్టి.
కింద మడిచిన అట్టముక్క పెట్టినా ఊగేది.
ఎదురెదురుగా కూర్చున్న ఇద్దరూ
మోచేతులు మోపి పట్టుకోవాలి,
ఒకరు వదిలితే ఇంకొకరి ఒళ్ళో పులుసు.
అలా ఒక వానరోజు లౌ వెయ్‌గాంగ్,
కరెంటూ ఆవిరీ కొలిచే చ్యూ యాఛిన్,
ముక్కూ మొహం తెలియనివాళ్ళు,
ఆ బల్లని చెరోవైపు పట్టుకున్నారు.

ఊరి చివర ఇంకా మిగిలిన అద్దకందారు
మొ దాషాన్ పద్దులు అతని సంచిలో.
బొగ్గుకి ఇంతెందుకవుతోందో, అని గొణిగాడు.
వేడినీళ్ళు ఎటు పోతున్నాయి, అని ఆమె.
కాలవలోకి, అన్నాను నేను గిన్నె దించుతూ,
చలికాలం చేపలన్నీ అక్కడే మూగుతాయి,
మా ఆయన గాలం వేసేదీ అక్కడే.

ఇద్దరూ తలెత్తి నన్ను చూశారు.
తర్వాత నా బిల్లు కాగితం వెనక ఏవో గీతలు:
పోయే వేడిని వెనక్కి తిప్పే గొట్టం ఒకటి,
దానికో అప్పు, పద్నాలుగో అంతస్తు,
దానికో ఒప్పందం, తొమ్మిదో అంతస్తు.
మధ్యలో దూరం లిఫ్టులో ఒక ఆవులింత.
వసంతానికి మొ దాషాన్ ఒక బాయిలరు ఆర్పేశాడు.
చేపలు చెదిరిపోయాయి.
మా ఆయన ఆ పిల్లని ఇప్పటికీ తిడతాడు.

అంతా మంచే జరిగిందని చెప్పను.
అతని పక్క మిల్లు ఆరలేదు, కదిలింది.
యంత్రాలు లారీలెక్కి నదికి ఎగువన
మా ఆడపడుచు ఊరు చేరాయి.
ఈ నెల మా కాలవ ఎరుపు వదినా, అంది ఫోన్లో.
ఆ తరలింపు కాగితాలు రాసిందీ ఈ భవనంలోనే,
ఏమో, నా బల్లమీదేనేమో.

ఇప్పుడు ఒకే పనికి పదిమంది.
ఒకరి నివేదికకి ఇంకొకరు అట్ట మార్చుకుంటారు.
రాత్రి రెండింటికీ కిటికీలన్నీ వెలుగుతూనే ఉంటాయి,
కరెంటు పొదుపు గురించి రాస్తున్నారట.
తిండి డబ్బాల్లో పైకెళ్తోంది,
ఎవరి గదిలో వాళ్ళు నములుతున్నారు.
అద్దె మాత్రం అందరికంటే పై అంతస్తులో ఉంది.

వచ్చే నెల కొట్టు ఖాళీ చేస్తున్నాను.
చ్యూ యాఛిన్ వచ్చి పదకొండో బల్ల కొంటానంది,
పైన నడవాలో, లిఫ్టు పక్కన వేస్తుందట.
కాలు సరిచేయిస్తానంది.
వద్దు, అన్నాను.
ఆ అట్టముక్క కూడా తీసెయ్.